స్టెరాయిడ్ మొదలుపెట్టాక మూత్రం పెరిగిందా? పిట్యూటరీకి పాకిన క్యాన్సర్, తప్పిపోయే హార్మోన్లు

స్టెరాయిడ్ గోలీ ఆపేయాలా అన్న మీ మొదటి ప్రశ్నకు ముందు జవాబు చెప్పేస్తాను. స్టెరాయిడ్ గోలీ ఆపొద్దు. ఒక్క పూట కూడా ఆపొద్దు. మిగతా సంగతులన్నీ దీని తర్వాతే.

మీరు రాసిందాన్ని ఒక వరసలో పెట్టి చెబుతాను, ఇదే ఇబ్బందితో ఉన్న ఇంకొకరు చదివినా అర్థమయ్యేలా. మీది పరకాల. అమ్మగారికి 58 ఏళ్లు. 2019లో రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, తర్వాత కీమో, రేడియేషన్, అప్పటి నుంచి రోజూ లెట్రోజోల్ గోలీ. ఈ ఎండాకాలం మొదలైన దగ్గర నుంచి నీరసం, అన్నం సయించకపోవడం, లేచి నిలబడితే కళ్లు తిరగడం, వాంతులు. ఎండదెబ్బ అనుకొని ఊళ్లోనే సెలైన్లు పెట్టించారు. పెట్టినప్పుడు లేచి కూర్చునేది, రెండు రోజులకు మళ్లీ మంచం పట్టేది. రక్తంలో సోడియం 122కి దిగింది. ఇంతలో ఎడమ కంటి రెప్ప వాలిపోయి, ఒక మనిషి ఇద్దరిలా కనబడటం మొదలైతే హన్మకొండకు తీసుకొచ్చి ఎమ్మారై తీయించారు. పిట్యూటరీ దగ్గర గడ్డ ఉంది, ఆ గ్రంథిని మెదడుకు కలిపే కాడ లావెక్కింది, రొమ్ము క్యాన్సరే అక్కడికి పాకినట్టుంది అన్నారు. హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ గోలీ మొదలుపెట్టారు. మూడో రోజుకల్లా అమ్మ తేరుకుంది, ఆకలైతుందని అడిగి తిన్నది. కానీ అదే రోజు నుంచి రాత్రంతా ఒంటికి లేవడం, చెంబులకు చెంబులు నీళ్లు తాగడం. షుగర్ చూస్తే మామూలుగా ఉంది. "స్టెరాయిడ్‌తోని కిడ్నీలు ఖరాబైతున్నయి, బంద్ పెట్టుండ్రి" అని మీ చిన్నబాపు అంటున్నాడు.

మీ చిన్నబాపు చూసింది నిజమే. గోలీ పడ్డాకే మూత్రం పెరిగింది. అయితే ఆ గోలీ కొత్త రోగం తేలేదు. లోపల ముందే ఉండి కనబడకుండా ఉన్న రోగాన్ని బయటికి తెచ్చింది. కిడ్నీలకు ఏమీ కాలేదు.

పిట్యూటరీ అర గ్రాము బరువు ఉండే గ్రంథి. ముక్కు వెనక, పుర్రె అడుగున ఎముకలో ఉన్న చిన్న గుంతలో కూర్చుని ఉంటుంది. దాని పైన కంటి నరాలు రెండూ కలిసి అడ్డం మారే చోటు. దానికి రెండు పక్కలా కళ్లను కదిలించే నరాలు. అందుకే అక్కడ గడ్డ వస్తే రెప్ప వాలుతుంది, ఒకటి రెండుగా కనబడుతుంది, కొందరికి పక్కచూపు తగ్గి తలుపు చెక్కలకు భుజాలు తగులుతుంటాయి. ఈ గ్రంథిలో ముందు భాగం, వెనక భాగం అని రెండున్నాయి. ముందు భాగం కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులకు, థైరాయిడ్‌కు, అండాశయాలకు ఆజ్ఞలు పంపుతుంది. వెనక భాగం వాసోప్రెసిన్ అనే హార్మోన్‌ను దాచిపెట్టి, అవసరమైనప్పుడు రక్తంలోకి వదులుతుంది. ఆ వాసోప్రెసిన్ తయారయ్యేది పైన హైపోథాలమస్‌లో, కాడ గుండా కిందికి దిగుతుంది.

క్యాన్సర్ కణాలు రక్తంతో కొట్టుకొచ్చినప్పుడు ఎక్కువగా ఈ వెనక భాగంలోనే దిగుతాయి. దానికి రక్తం ధమనుల నుంచి నేరుగా వస్తుంది. ముందు భాగానికి వచ్చే రక్తంలో ఎక్కువ పాలు హైపోథాలమస్‌ను ఒకసారి చుట్టి, సన్నని సిరల ద్వారా దిగివస్తుంది. ఇలా పిట్యూటరీకి పాకే క్యాన్సర్లలో రొమ్ముది, ఊపిరితిత్తులది అందరికంటే ముందుంటాయి. కిడ్నీ, ప్రోస్టేట్, థైరాయిడ్, పేగులు, చర్మపు మెలనోమా ఆ తర్వాత. రొమ్ము క్యాన్సర్ ముందు భాగాన్ని కూడా తరచుగా పడుతుంది. మీ అమ్మగారికి రెండూ దెబ్బతిన్నట్టే కనబడుతోంది.

ఇప్పుడు ఆ మూత్రం సంగతి. వాసోప్రెసిన్ కిడ్నీలో చెరువు తూముకు తలుపులాంటిది. అది ఉంటే నీళ్లు ఒంట్లోనే ఆగుతాయి, లేకపోతే తాగినదంతా వెళ్లిపోతుంది. మీ అమ్మగారికి ఆ తలుపు ఎప్పుడో పోయింది. అయినా నీళ్లు పోలేదంటే, అడ్రినల్ గ్రంథులు తయారుచేసే కార్టిసాల్ అనే హార్మోన్ (హైడ్రోకార్టిసోన్ దాని బదులు ఇచ్చేదే) లేనప్పుడు కిడ్నీకి వడపోత తగ్గి, నీళ్లు తూము దాకా సరిగ్గా చేరడమే లేదు. ఒంట్లో నీరు నిలిచి సోడియం 122కి పడింది. హైడ్రోకార్టిసోన్ ఇచ్చాక కిడ్నీ మళ్లీ మామూలుగా పనిచేసింది, నీళ్లు తూము దాకా వచ్చాయి, తలుపు లేదన్న సంగతి అప్పుడు తెలిసింది. దీన్నే డయాబెటిస్ ఇన్సిపిడస్ అంటారు. 2022 నుంచి దీనికి ఆర్జినిన్ వాసోప్రెసిన్ లోపం అనే కొత్త పేరు కూడా వాడుతున్నారు, కాబట్టి చీటీ మీద ఏది రాసినా ఒకటే అనుకోండి. షుగర్ బీమారికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. అందుకే షుగర్ ఎన్నిసార్లు చూసినా మామూలుగానే వస్తుంది.

మీ డాక్టర్‌కు ఈ రోజే ఫోన్ చేసి "స్టెరాయిడ్ మొదలయ్యాక మూత్రం విపరీతమైంది" అని చెప్పండి. సోమవారం దాకా ఆగొద్దు. ఒక రోజు మొత్తం మూత్రాన్ని కొలత గీతలున్న డబ్బాలో పట్టి రాయండి. రోజుకు 3 లీటర్లు దాటితే ఎక్కువ కిందే లెక్క. రక్తంలో సోడియం, రక్తపు ఆస్మోలాలిటీ (అంటే ఎంత చిక్కగా ఉందో చెప్పే కొలత), మూత్రపు ఆస్మోలాలిటీ ఒకే సమయంలో చూడాలి. సోడియం పైకి పోతూ ఉండి మూత్రం మాత్రం పల్చగా, 300 కంటే తక్కువ ఆస్మోలాలిటీతో ఉంటే నిర్ధారణకు ఇంకేం అక్కర్లేదు. సోడియంను మళ్లీ మళ్లీ చూడటానికి ఇంకో కారణం కూడా ఉంది. చాలా రోజులు తక్కువగా ఉన్న సోడియం ఒక్కసారిగా ఎగబాకితే మెదడుకు దెబ్బ. 24 గంటల్లో 8 నుంచి 10 పాయింట్లు దాటి పెరగకుండా డాక్టర్లు చూసుకుంటారు. తూము తెరుచుకున్న ఈ మొదటి రోజుల్లోనే ఆ ప్రమాదం ఎక్కువ.

ఇంట్లో ఎవరైనా "నీళ్లు తక్కువ ఇయ్యి, లేచుడు తగ్గుతది" అంటే వినకండి. దాహం ఉన్నంత వరకు, చేతికి నీళ్లు అందినంత వరకు ఆమె తనను తాను కాపాడుకుంటోంది. మన దగ్గర మే నెలలో ఎండ 44, 45 డిగ్రీలు పోతుంది. అలాంటి రోజుల్లో మత్తుగా పడుకుని నీళ్లు అడగని పేషెంటే నాకు అందరికంటే భయం కలిగిస్తుంది. గడ్డ హైపోథాలమస్ దాకా పోతే దాహమే తెలియకుండా పోవచ్చు. ఆమె పోగొట్టుకుంటున్నది ఉప్పు లేని నీరు. కాబట్టి మంచినీళ్లే ఇవ్వండి, ఉప్పు వేయని పల్చటి మజ్జిగ ఇవ్వండి. పొద్దంతా ఓఆర్‌ఎస్, కూల్‌డ్రింకులు పట్టొద్దు.

దీనికి మందు డెస్మోప్రెసిన్. గోలీగానూ, ముక్కులో కొట్టే స్ప్రేగానూ దొరుకుతుంది. పడిన రాత్రే తేడా తెలుస్తుంది, మనిషికి నిద్ర పడుతుంది. ఈ మందు మొదలయ్యాక మాత్రం సంగతి తిరగబడుతుంది. ఇప్పుడు తలుపు మూసి ఉంది. పాత అలవాటు కొద్దీ చెంబులు చెంబులు తాగుతూ పోతే నీరు నిలిచి సోడియం మళ్లీ పడిపోతుంది, తలనొప్పి, వాంతులు, ఫిట్స్ దాకా పోవచ్చు. అప్పటి నుంచి దాహం వేస్తేనే తాగాలి. ఒక డోసు ప్రభావం తగ్గి మూత్రం మళ్లీ ఎక్కువగా రావడం మొదలయ్యాక తర్వాతి డోసు వేయడం మంచి పద్ధతి. ఏ రోజు ఎలా చేయాలో మీ డాక్టర్ దగ్గర కాగితం మీద రాయించుకోండి. స్ప్రే అయితే డబ్బా మీద ఫ్రిజ్‌లో పెట్టమని ఉందో లేదో చూడండి. ఎండాకాలం బస్సులో సంచిలో పెట్టి తిప్పే పనైతే గోలీలే నయం.

థైరాయిడ్ గోలీ కూడా రాసి, "వారం తర్వాత మొదలుపెట్టండి" అన్నారని, ఎందుకు ఆపారో అర్థం కాలేదని రాశారు. మీ డాక్టర్ చాలా సరైన పని చేశారు. ఆ గోలీలో ఉండే థైరాక్సిన్ ఒంట్లో పనుల వేగం పెంచుతుంది, ఉన్న కాస్త కార్టిసాల్‌నూ తొందరగా ఖర్చు చేయిస్తుంది. కార్టిసాల్ లేని మనిషికి ముందుగా థైరాక్సిన్ ఇస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ముందు కార్టిసాల్, ఆ తర్వాత థైరాక్సిన్. ఈ వరస తప్పకూడదు. నేను ఇన్నేళ్ల పనిలో హౌస్‌సర్జన్లకు అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పిన మాట ఇదే.

ఇక్కడ ఒక సంగతి నన్ను బాధపెడుతుంది, చెప్పకుండా ఉండలేను. మన దగ్గర నీరసం అంటే టీఎస్‌హెచ్, అంటే థైరాయిడ్‌కు ఆజ్ఞ పంపే హార్మోన్, ఒక్కటే చూస్తారు. అది మామూలుగా ఉంటే "థైరాయిడ్ లేదు" అని పంపేస్తారు. కానీ టీఎస్‌హెచ్‌ను తయారుచేసేదే పిట్యూటరీ. ఆ గ్రంథే పాడైనప్పుడు టీఎస్‌హెచ్ ఎలా పెరుగుతుంది? థైరాయిడ్ తయారుచేసే ఫ్రీ టీ4 తక్కువ ఉండి టీఎస్‌హెచ్ పెరగకుండా మామూలుగా కూర్చుంటే అదే పిట్యూటరీ లోపానికి గుర్తు. అలాగే ఇంకో చవకైన ఆధారం ఉంది. ముట్లాగిపోయిన ఆడవాళ్లలో, పిట్యూటరీ అండాశయాలకు పంపే ఎఫ్‌ఎస్‌హెచ్ అనే హార్మోన్ బాగా ఎక్కువగా ఉండాలి. 58 ఏళ్ల మనిషికి అది తక్కువగా వస్తే అనుమానం పిట్యూటరీ మీదికే పోవాలి. మీ అమ్మగారి పాత రిపోర్టుల్లో ఇవి ఉన్నాయేమో వెతకండి.

కార్టిసాల్ పరీక్షకు ఉదయం 8 గంటల ప్రాంతంలో రక్తం తీయాలి. డెసిలీటరుకు 3 మైక్రోగ్రాముల కంటే తక్కువ వస్తే లోపం ఉన్నట్టే. 15 దాటితే లోపం ఉండే అవకాశం తక్కువ. మధ్యలో వస్తే సూది వేసి చేసే ఇంకో పరీక్ష కావాలి. అయితే స్టెరాయిడ్ వాడుతూ ఈ పరీక్ష చేయిస్తే లెక్క తప్పుతుంది. హైడ్రోకార్టిసోన్, ప్రెడ్నిసోలోన్ పరీక్షలో కార్టిసాల్‌లాగే కనబడతాయి. మెదడు వాపుకు ఇచ్చే డెక్సామెథాసోన్ పరీక్షలో కనబడదు గాని, సొంత కార్టిసాల్‌ను అణగదొక్కుతుంది. అందుకే "మళ్లీ ఒకసారి కార్టిసాల్ చూపిద్దాం" అని మీరంతట మీరు గోలీ ఆపి ల్యాబ్‌కు పోకండి. మొదటి డోసుకు ముందు తీసిన రక్తం రిపోర్టు ఉంటే అదే ఆధారం.

ఇంకో మాట. పక్కింటివాళ్లు "అడ్రినల్ రోగమైతే ఒళ్లు నల్లబడాలె గదా" అన్నారని రాశారు. అది అడ్రినల్ గ్రంథే పాడైనప్పుడు, మన దేశంలో టీబీ వల్ల ఎక్కువగా వచ్చే అడిసన్స్ జబ్బులో. పిట్యూటరీ వైపు నుంచి వచ్చే లోపంలో చర్మం నల్లబడదు, పాలిపోతుంది. పొటాషియం కూడా పెరగదు. అందుకే ఇది సులభంగా తప్పించుకుపోతుంది, క్యాన్సర్ నీరసం ఖాతాలో కలిసిపోతుంది.

ఇది పాకిన క్యాన్సరేనా, లేక పిట్యూటరీలోనే పుట్టిన మామూలు గడ్డా అన్నది మీ మూడో ప్రశ్న. పిట్యూటరీలో పుట్టే మామూలు గడ్డలు, అడినోమాలు, చాలామందిలో ఉంటాయి, నెమ్మదిగా పెరుగుతాయి. అవి ఆపరేషన్‌కు ముందే అతిమూత్రం తేవడం చాలా అరుదు. అతిమూత్రం ఉంది, కంటి నరం పట్టుకుంది, కాడ లావైంది, మూడు నెలల్లోనే ఇంత జరిగింది, ముందే రొమ్ము క్యాన్సర్ ఉంది. ఇవన్నీ కలిస్తే పాకిన క్యాన్సర్ వైపే మొగ్గుతాను. పిట్యూటరీ నుంచే వచ్చే ప్రోలాక్టిన్ అనే హార్మోన్ కాస్త పెరిగిందని కంగారుపడొద్దు. కాడ నొక్కుకుపోతే అది కొంత పెరుగుతుంది. వాంతులకు వాడే డోంపెరిడోన్, మెటోక్లోప్రమైడ్ వల్ల కూడా పెరుగుతుంది. ఇమ్యునోథెరపీ సూదులు, పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్, ఇపిలిముమాబ్ లాంటివి తీసుకున్నవాళ్లలో కొందరికి పిట్యూటరీ వాచి ఇలాంటి హార్మోన్ లోపాలే వస్తాయి. మీ అమ్మగారు అవి తీసుకోలేదు, కానీ ఇది చదివే ఇంకొకరికి పనికొస్తుంది. అక్కడ అతిమూత్రం సాధారణంగా ఉండదు.

కొందరిలో క్యాన్సర్ ఉందని తెలిసేదే ఇలా. నర్సంపేట వైపు నుంచి ఒక పెద్దాయన దాహం, అతిమూత్రం అని వచ్చారు, దగ్గు గురించి ఆయన చెప్పనే లేదు. బీడీలు తాగే మనిషి కాబట్టి ఛాతీ ఎక్స్‌రే తీయిస్తే ఊపిరితిత్తిలో గడ్డ బయటపడింది. అప్పటి నుంచి, వయసు మళ్లినవాళ్లు కొత్తగా అతిమూత్రంతో వచ్చి షుగర్ లేదంటే, నేను ఛాతీ, రొమ్ములు చూడకుండా పంపను.

వైద్యం విషయానికొస్తే, ఒళ్లంతా ఒకసారి పెట్ స్కాన్‌తో చూడటం, ఎక్కడైనా సులభంగా అందే చోట గడ్డ ఉంటే ముక్క తీసి రిసెప్టర్లు (క్యాన్సర్ కణాల మీద హార్మోన్లు, మందులు అతుక్కునే చోట్లు) మళ్లీ చూడటం అవసరం. 2019లో ఉన్న రిసెప్టర్లు ఇప్పుడు మారి ఉండవచ్చు, మందు దాన్ని బట్టే ఎంచుకుంటారు. పిట్యూటరీకి మెదడుకున్నంత గట్టి రక్తపు అడ్డుగోడ లేదు కాబట్టి మందులు అక్కడికి చేరతాయి. చూపు వేగంగా తగ్గుతుంటే, లేదా ఏం గడ్డో తేలకపోతే ముక్కు గుండా ఆపరేషన్ చేస్తారు. మిగతావాళ్లకు గురిపెట్టి ఇచ్చే రేడియేషనే ఎక్కువగా వాడతారు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో మొదటి చూపు అయ్యాక హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో, నిమ్స్‌కో పంపవచ్చు. క్యాన్సర్ డాక్టర్, ఎండోక్రినాలజిస్టు ఇద్దరూ చూడాల్సిన కేసు ఇది, ఒక్కరితో సరిపెట్టుకోవద్దు. ఆరోగ్యశ్రీలో ఏమేం వస్తాయో ఆరోగ్యమిత్రను ముందే అడిగి పెట్టుకోండి.

ఎన్నాళ్లు అని మీరు సూటిగా అడిగారు, సూటిగానే చెబుతాను. క్యాన్సర్ పిట్యూటరీ దాకా వచ్చిందంటే అది ఒళ్లంతా తిరుగుతోందనే అర్థం, పూర్తిగా నయం చేస్తామని ఎవరూ చెప్పలేరు. కాలం మిగతా అవయవాల పరిస్థితిని బట్టి ఉంటుంది. హార్మోన్ రిసెప్టర్ ఉన్న రొమ్ము క్యాన్సర్‌కు ఇప్పుడు గోలీలతోనే అదుపు చేసే మందులున్నాయి కాబట్టి, ఊపిరితిత్తుల రోగుల కంటే మీ అమ్మగారికి ఆశ ఎక్కువే. రేడియేషన్ తర్వాత కంటి చూపు, రెప్ప బాగుపడటం నేను చాలామందిలో చూశాను. పోయిన హార్మోన్లు మాత్రం సాధారణంగా తిరిగి రావు, గోలీలు జీవితాంతం వాడాలి. అయినా మంచంలోంచి లేవలేని మనిషి లేచి తన స్నానం తాను చేసుకునే స్థితికి రావడం ఈ గోలీల వల్లే. అది క్యాన్సర్ వైద్యం కంటే ముందు, మూడు నాలుగు రోజుల్లోనే దొరికే మేలు. నొప్పి, నిద్ర లాంటివి ఇబ్బంది పెడితే జిల్లాల్లో ఉన్న ఆలన పాలియేటివ్ కేంద్రాలకు పోండి. క్యాన్సర్ మందులు నడుస్తున్నప్పుడే పోవచ్చు, చివరి దాకా ఆగనక్కర్లేదు.

హైడ్రోకార్టిసోన్ ఎలా వాడాలో ఇంట్లో అందరికీ తెలియాలి. రోజంతా కలిపి 15 నుంచి 25 మిల్లీగ్రాములు, రెండు మూడు భాగాలుగా, పెద్ద భాగం పొద్దున లేవగానే. జ్వరం వస్తే డాక్టర్ చెప్పినట్టు రెండింతలో మూడింతలో చేయాలి. వాంతులై గోలీ నిలవకపోతే గోలీతో లాభం లేదు, వెంటనే హైడ్రోకార్టిసోన్ 100 మిల్లీగ్రాముల సూది పడాలి. ఆ సూది మందు ఒకటి ఇంట్లో పెట్టుకోండి, మీ ఊరి ఆర్‌ఎంపీకి ముందే చూపించి ఎప్పుడు వేయాలో చెప్పండి. సూది పడ్డాక కూడా ఆసుపత్రికి పోవాల్సిందే. పరకాల దుకాణాల్లో హైడ్రోకార్టిసోన్ గోలీ అన్నిసార్లూ దొరక్కపోవచ్చు, కాబట్టి నెలకు సరిపడా ముందే తెచ్చుకోండి. ఎప్పుడైనా అయిపోతే, ప్రెడ్నిసోలోన్ ఎంత వాడాలో డాక్టర్‌ను ఫోన్‌లో అడిగి అదైనా వేయండి. గోలీ లేకుండా ఒక్క రోజు కూడా గడపనివ్వొద్దు.

ఒక కాగితం మీద తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ రాసి ఆమె సంచిలో, మీ ఫోన్‌లో పెట్టండి: కార్టిసాల్ లోపం ఉంది, స్టెరాయిడ్ ఆపకూడదు, వాసోప్రెసిన్ లోపం ఉంది, డెస్మోప్రెసిన్ ఆపకూడదు, ఇది షుగర్ కాదు. క్యాజువాలిటీలో రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లకు మొదట చూపించాల్సింది ఇదే. ఎమ్మారై ఫిల్ముల కవర్ వెతకడం తర్వాత.

చివరగా ఒక్కపొద్దుల గురించి. అమ్మ శనివారాలు ఒక్కపొద్దు ఉంటుందని, మానమంటే బాధపడుతుందని రాశారు. అన్నం ఒక్క పూటే తింటానంటే, ఒంట్లో బాగున్న రోజుల్లో పండ్లు, పాలు తీసుకుంటూ ఉండొచ్చు. గోలీలు మాత్రం ఏ పూటవి ఆ పూట పడాలి, నీళ్లు దాహాన్ని బట్టి తాగాలి. నీళ్లు కూడా ముట్టని ఉపవాసం ఇక వద్దు. జ్వరం గాని వాంతులు గాని ఉన్న రోజు ఏ ఒక్కపొద్దూ వద్దు. ఇది మీరు చెబితే వినకపోతే, ఈసారి డాక్టర్ దగ్గరికి పోయినప్పుడు ఆమె ముందే అడగండి, డాక్టర్ నోటితోనే చెప్పించండి. ఈ రోజు సోడియం రిపోర్టు రాగానే అంకె రాయండి, చూసి చెబుతాను.